లాల్‌గడి మలక్‌పేట్ నుంచి తెచ్చిన వాల్వుల పెట్టె

బేరంలో నన్ను గెలిచిన మనిషి మేడ్చల్ మార్కెట్లో లేడు. గొప్పకు చెప్పడం లేదు. జరిగింది అర్థం కావాలంటే ముందు నాకున్న ఈ రోగం సంగతి తెలియాలి.

మా నాయినది స్టీలు సామాను దుకాణం. ఒక పక్క బట్టల దుకాణం, ఇంకో పక్క కిరాణం, ఎదురుగా ఇనుప సామాను. మా చుట్టాలంతా గల్లా పెట్టె వెనక కూర్చునేవాళ్లే. నేను బిందెల మధ్య నడక నేర్చాను. గిన్నెను వేలిగోటితో తట్టి, మోగిన తీరును బట్టి రేకు మందం చెప్పడం నాకు అఆల కంటే ముందే వచ్చింది. నాయిన పోయాక దుకాణం నా చేతికి వచ్చింది. దుకాణంతో పాటు ఆయన పద్ధతులూ వచ్చాయి.

ఏదైనా కొనడానికి పోతే ధర అడగకముందే వంకలు పెట్టాలి. వస్తువును నడిపించి చూపిస్తానని అమ్మేవాడు అంటే వద్దనాలి, ఎందుకంటే అది మంచిగా నడవడం చూశాక మన మొహం మన మాట వినదు. బేరం తెగిన తర్వాత మంచినీళ్లు ఇచ్చినా నిలబడకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడకూడదు. “ఎన్కనుంచి పిలిసెటోడు ఇంకో పది రూపాయల కోసమే పిలుస్తడు బిడ్డా,” అనేవాడు నాయిన. యాభై ఏళ్లు దాటేదాకా ఈ పద్ధతి నన్ను ఒక్కసారి కూడా మోసం చేయలేదు. చేయలేదనే అనుకున్నాను.

మా ఆయన గిటారు వాయిస్తాడు. వాయించేవాడు అని రాయడానికి నాకింకా చెయ్యి రావడం లేదు. వయసులో ఉండగా పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించాడు. తర్వాత కొంపల్లి దగ్గర ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు సంగీతం చెప్పాడు. ఆ ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర ఒక పాత యాంప్లిఫయర్ ఉండేదట. వెనకటి రేడియోల్లో ఉన్నట్టు లోపల గాజు వాల్వులుండేవి. ఆన్ చేస్తే అవి నిప్పు కణాల్లా ఎర్రబడేవి. “తీగ మీటినంక సౌండు గిటారుల నుంచి రాదే, గోడల నుంచి వస్తది,” అనేవాడు. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి ముప్ఫై ఏళ్లు అలాంటి పెట్టె ఒకటి కొనుక్కుంటానని అడిగాడు. ముప్ఫై ఏళ్లూ నేను ఒకే మాట అన్నాను: “గిటారున్నది, మోగుతాంది. ఇగ పెట్టె ఎందుకయ్యా?” నా భర్త నాకు అమ్మలేకపోయిన సరుకు అదొక్కటే.

పోయినేడు ఆయన చేతుల్లోంచి టీ గ్లాసులు జారడం మొదలైంది. సికింద్రాబాద్ డాక్టరు చాలా పరీక్షలు చేయించాడు. నరాలు చచ్చిపోయే జబ్బు అన్నాడు. మందు లేదన్నాడు, ముందు చేతులకు వస్తుందన్నాడు. “ఈ వానాకాలం వరకు వేళ్లు మాట వినొచ్చమ్మా. తర్వాత సంగతి చెప్పలేను.” బస్సులో వచ్చేటప్పుడు ఆయన కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాడు. కొంపల్లి దాటాక, ఎవరితోనో చెప్తున్నట్టు, “గా వాల్వుల పెట్టె మీద ఒక్కపారి వాయిస్తే అయిపోతుండె,” అన్నాడు. అంతే. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

నాకు గడువు తెలిసింది, కొనాల్సిన వస్తువు తెలిసింది. గడువు పెట్టుకుని కొనేవాళ్లకు బేరం కుదరదని నాయిన చెప్పేవాడు. అందుకే గడువును మొహం మీదికి రానివ్వకుండా వెతికాను.

ఫోన్లో ప్రకటన కనిపించింది. లాల్‌గడి మలక్‌పేట్‌లో ఒక ముసలాయన తన అన్న వాడిన వాల్వుల యాంప్లిఫయర్ అమ్ముతున్నాడు. ఇంట్లో చెప్పకుండా ట్రాలీ ఆటో మాట్లాడుకుని శామీర్‌పేట మీదుగా పోయాను. ఊరి చుట్టూ చేన్లలో ప్లాట్ల హద్దురాళ్లు పాతి ఉన్నాయి. ఆయన ఇల్లు పాతది, రేకుల వరండా. పెట్టె వరండాలో బల్ల మీద ఉంది. దాని మీద కప్పిన దుప్పటి ఆయన తీశాడు. మా ఆయన చెప్పిన పెట్టె అచ్చం ఇలాగే ఉంటుంది. వెంటనే మొహం ముడుచుకున్నాను.

“ఏంది చాచా, ముందరి బట్ట ఎలుకలు కొరికినట్టున్నది?”

“గది బీడీ నిప్పు బేటీ. మా అన్న తాగేటోడు.”

“మస్తు బరువున్నది. దీన్ని ఎవరు లేపుతరు?”

“లేపెటోళ్లు లేపుతరు.”

“లోపల గీ గాజు బుగ్గలేంది? గిప్పుడు గిట్లాంటియి ఎవరన్న వాడుతుండ్రా?”

ఆయన మొహం చిన్నబోయింది. “బుగ్గలు గావు బేటీ. దాని జాన్, పానం, అవే. మా అన్న సికింద్రాబాద్ల హోటల్ బ్యాండుల వాయించేటోడు. ఎవరో దొర బయటి దేశం పొయ్యేటప్పుడు ఇచ్చిపోయిండు. ఆగు, ఆన్ జేసి సూపిస్త.”

“వద్దు వద్దు. సూసుడు ఏమున్నది? నీ మాట మీద నమ్మకం లేదా?” అన్నాను. నమ్మకం అనే మాటను నేను వాడినంత చౌకగా మా వీధిలో ఎవరూ వాడరు.

వైరు చేతిలోకి తీసుకున్నాను. దాని చివర ప్లగ్గుకు గుండ్రటి పుల్లలు లేవు, రెండు చదునైన రేకులున్నాయి. ఇంకో వంక దొరికింది కదా అని లోపల సంతోషించాను. “గీ ప్లగ్గు ఏ బోర్డుల పడ్తది చాచా? దీన్ని కోసి కొత్తది ఏసుకోవాలె. గది నాకు మల్ల ఖర్చు.”

“గదే జెప్పబోతున్న బేటీ, దీనికి...”

“ఆఖరి ధర జెప్పు.”

మాట మధ్యలో ధర అడగడం కూడా నాయిన పద్ధతే. అమ్మేవాడు ఏం చెప్పబోతున్నాడో మరిచిపోతాడు. ఆయన మరిచిపోయాడు. ఆయన అడిగిన దాంట్లో సగానికి తక్కువ చెప్పి, మూడుసార్లు లేచి, రెండుసార్లు మెట్లు దిగి, చివరికి నేను అనుకున్న చోటికే తెచ్చాను. ఫోన్లో డబ్బు పంపి, డ్రైవరుతో పెట్టె ఎత్తించి, ఆటో ఎక్కాను. ఆయన లోపలికి పోయి ఏదో వెతుకుతున్న చప్పుడు వినబడింది. ఆటో కదిలాక చెప్పుల్లేకుండా బయటికి వచ్చాడు.

“బేటీ! జర ఆగు! ఒక్క మాట!”

డ్రైవరు నెమ్మది చేశాడు. “పిలుస్తుండక్కా.”

“పిలువనియ్. నువ్వు పోనియ్.”

“ముసలాయన ఉరుకొస్తుండు.”

“ఉరికితే ఆరోగ్యానికి మంచిది. పోనియ్ తమ్మీ.”

ఆ మాటకు నేనే నవ్వుకున్నాను. శామీర్‌పేట చెరువు దాటేలోపు ఆయన నంబరు నుంచి నాలుగుసార్లు ఫోను వచ్చింది. ఎత్తలేదు. ఐదోసారి మోగేటప్పటికి ఆ నంబరు నా ఫోనుకు రాకుండా చేశాను. మేడ్చల్ చేరేదాకా ఆ డ్రైవరుకు బేరం ఎలా చేయాలో పాఠం చెప్పాను.

ఎదురు దుకాణంలో ఆ చదును ప్లగ్గు కోయించి, మూడు పుల్లల ప్లగ్గు వేయించాను. కోసిన ముక్క వాళ్ల చెత్తలో పోయింది. ఇంటికి తెచ్చి తడిబట్టతో తుడిచాను. వెనక రేకు మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు ఉండేవేమో, మీద రంగు పూసి ఉంది. పట్టించుకోలేదు. మా ఆయన మధ్యాహ్నం నిద్ర లేచి వచ్చేసరికి పెట్టె హాల్లో, గిటారు దాని పక్కన పెట్టి ఉన్నాయి.

ఆయన పెట్టె దగ్గరికి వచ్చాడు. మెల్లగా కూర్చుని, బీడీతో కాలిన ఆ బట్టను వేలితో తడిమాడు.

“ఎవన్ని ఏడిపించినవే?”

“ఎవరు ఏడ్వలే. నవ్వుకుంట ఇచ్చిండు.”

“నీతోని బేరం జేసినంక నవ్వినోన్ని నేను సూడలే,” అన్నాడు. ఆయన మొహంలో నేను ఆ జబ్బు పేరు విన్నాక చూడని వెలుగు. నన్ను చూడలేదు. గిటారు ఒళ్లోకి తీసుకుని, తీగలు సరిచేసుకుని, “పెట్టు,” అన్నాడు.

స్విచ్చి వేశాను. గాజు గొట్టాల్లో ఎరుపు రాలేదు, తెల్లటి వెలుగు వచ్చింది. ఎంత అందంగా ఉందో అనుకున్నాను. ఆయన మొహం ఎందుకో మారింది, కానీ చెయ్యి అప్పటికే కదిలింది. ఒక్క తీగ మీటాడు.

ఆ శబ్దాన్ని నేను ఏ గిన్నెతోనూ పోల్చలేను. ముప్ఫై ఏళ్లు ఆయన చెప్పింది నిజమే, అది గోడల్లోంచే వచ్చింది. నా కాళ్ల కింది నేల కూడా పలికింది. అది పూర్తిగా విచ్చుకోకముందే ఢామ్మని పేలింది. పొగ, కాలిన లక్క వాసన. నేను ప్లగ్గు పీకేసరికి అంతా అయిపోయింది. ఆయన వేలు ఇంకా ఆ తీగ మీదే ఉంది.

“పోయింది,” అన్నాడు.

“దొంగ ముసలోడు! పాడైన సరుకు అంటగట్టిండు!” అని అరిచాను. ఆ ముసలాయన నా వెనక పరుగెత్తింది ఇంకా డబ్బు అడగడానికనీ, నాకు అమ్మింది పాడైన పెట్టె అనీ, రెండూ ఒకేసారి నమ్మాను. రెండూ కలిసి ఎలా కుదురుతాయని ఒక్క క్షణం ఆలోచించలేదు. పాడైన సరుకు అమ్మినవాడు వెనకాల పరుగెత్తి రాడని నాకు తెలియదా? దుకాణంలో పుట్టాను కదా.

బస్సు డిపో దగ్గర ఒక మెకానిక్ ఉన్నాడు. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు, ఇప్పుడు మిక్సీలు, ఇన్వర్టర్లు చేస్తాడు. మా నాయిన ఉన్నప్పటి నుంచి తెలిసిన మనిషి, నన్ను చెల్లె అంటాడు. పెట్టె విప్పి, లోపలికి చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఎన్ని రోజులాయె సెల్లె, వాల్వుల ముఖం సూసి!”

“ముఖం తర్వాత సూద్దువు అన్నా. ఏం పోయిందో సూడు.”

“ఏం పోలేదో అడుగు, గది జల్దీ జెప్త.” ఫ్యూజు ఊడబీకి చూపించాడు. దాని చుట్టూ సిగరెట్ పాకెట్టులోని వెండి కాగితం చుట్టి ఉంది. “ఎనకట ఎవడో జేసిన పని. ఫ్యూజు సక్కంగ ఉంటే గది ఒక్కటే పోతుండె. గిప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలింది, కెపాసిటర్లు పేలినయి, రెండు వాల్వులల్ల తీగ తెగింది.”

“బాగైతదా?”

“అయితది. టైం పడ్తది.”

“టైమే లేదన్నా.”

మా ఆయన సంగతి అప్పుడు చెప్పాను. మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. “బావకా?” అని మాత్రం అన్నాడు.

కాలిన ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుని నేనే దూలపల్లి పోయాను. అక్కడ మోటార్లకు వైండింగ్ చేసే షెడ్లున్నాయి. కాలిన తీగ విప్పుతూ చుట్లు లెక్కపెట్టుకుని, మళ్లీ అన్ని చుట్లే చుట్టడం వాళ్ల పని. ఆ మనిషి తీగ మొదటి కొస విప్పి, కొంచెం ఆలోచించి, “ఏ కరెంటుదమ్మా ఇది?” అని అడిగాడు.

“ఇంట్ల కరెంటుది. ఇగ ఏ కరెంటుది ఉంటది?”

“కాదు, సుట్లు జర తక్కువ కొడుతున్నయి, అందుకని...”

“తక్కువుంటే తక్కువ పైసలు తీస్కో. ఎట్లున్నదో గట్లనే సుట్టు,” అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. ఎలా ఉందో అలాగే చుట్టాడు.

కెపాసిటర్లు కోఠిలో దొరికాయి. వాల్వులు ఎక్కడి నుంచో కొరియర్లో రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మా ఆయన రోజూ పొద్దున, సాయంత్రం పెట్టె లేకుండానే వాయించాడు. కరెంటు లేని ఎలక్ట్రిక్ గిటారు చెవి దగ్గర దోమ పాడినట్టు ఉంటుంది. నేను వంటగదిలోంచి ఆ దోమను వింటూ ఉండేదాన్ని. మొదట చిటికెన వేలు పనికి రాకుండా పోయింది. ఆ వేలు అక్కర్లేకుండా పాటను మార్చుకున్నాడు. తర్వాత ఉంగరం వేలు. మళ్లీ మార్చుకున్నాడు. చొక్కా గుండీలు నేను పెట్టడం మొదలైంది. “గుండీలకు కూలి తీస్కుంటవా?” అని అడిగాడొకరోజు. నేను తర్వాతి గుండీ పెట్టాను.

వాల్వులు వచ్చాక మెకానిక్ దుకాణంలో అసలు కష్టం మొదలైంది. బాగుచేసిన సామాన్ని మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ఆయన కరెంటు నేరుగా ఇవ్వడు. మధ్యలో ఒక పెద్ద బల్బు పెడతాడు. లోపల ఇంకా ఎక్కడైనా లోపం ఉంటే కరెంటు ఎక్కువ లాగి బల్బు బాగా వెలుగుతుంది, సామాను మాత్రం బతికిపోతుంది. లోపం లేకపోతే బల్బు మసకబారుతుంది. మా పెట్టెకు బల్బు పెట్టి ఆన్ చేశాడు. బల్బు మసకబారలేదు, వెలుగుతూనే ఉంది. కానీ వాల్వులు ఎర్రగా, ముద్దుగా వెలిగాయి. గిటారు వైరు కొసను వేలితో ముట్టుకుంటే పెట్టె గుర్రుమంది. బతికే ఉంది.

“ఇగో! లేసింది!” అన్నాను.

“ఆగు సెల్లె. బల్బు మసక పడ్తలేదు. ఎక్కడనో లీకున్నది.” బల్బు తీసేసి నేరుగా కరెంటు ఇచ్చాడు. ఫ్యూజు టప్పుమని పోయింది. ఈసారి సరైన ఫ్యూజు కాబట్టి ఇంకేమీ కాలలేదు.

అలా ఎన్నిసార్లో. బల్బుతో పెడితే బతుకుతుంది, బల్బు తీస్తే ఫ్యూజు కొడుతుంది. ఆయన ఒక్కో ముక్కా విప్పి చూశాడు, మంచివాటిని కూడా మార్చాడు. దూలపల్లి ట్రాన్స్‌ఫార్మర్‌ను మళ్లీ పంపిస్తే, చుట్లు సరిగానే ఉన్నాయని వాపసు వచ్చింది. ఎక్కడా లేని లోపాన్ని ఆయన నెల రోజులు వెతికాడు. ఇంట్లో మా ఆయన వేళ్ల సంగతి నేను చెప్పనక్కర్లేదు, నా మొహం చూసి మెకానిక్ అడగడం మానేశాడు.

ఒకరోజు తనే అన్నాడు. “సెల్లె, ఒక పని జేద్దాం. బల్బుతోని మంచిగనే మోగుతాంది. బావను ఆటోల తీస్కరా. గీ బల్బు మీదనే ఒక్కపారి వాయించనియ్. తర్వాత నేను ఎన్ని రోజులైనా ఎతుకుత.”

నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయకుండా దాటేయవచ్చు. రాస్తాను.

“సగం పని జేసి ఒప్పగించి తప్పించుకుందామనా అన్నా? పూర్తి జెయ్యి. పూర్తైనంకనే తీస్కపోత.”

అది కూడా నాయిన దగ్గర నేర్చుకున్నదే. సగం బాగైన సామాను ఒక్కసారి వాడుకున్నామంటే చేసేవాడికి తొందర పోతుంది. పని పూర్తయ్యేదాకా ముట్టుకోకూడదు, మెచ్చుకోకూడదు. అదీ కాక, బల్బు వైరు తగిలించిన పెట్టె ముందు, మిక్సీ జార్ల మధ్య ఆయన్ని కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు. మా ఇంట్లో, మా హాల్లో, పూర్తి సరుకు కావాలి నాకు. మెకానిక్ బల్బు ఆర్పాడు. “నీ ఇష్టం,” అన్నాడు. ఆ రోజుకు మా ఆయనకు ఇంకా మూడు వేళ్లు మాట వింటున్నాయి.

బతుకమ్మలు అయిపోయాయి. నాకు కోపం పెరిగి, అదంతా ముసలాయన మీదికి పోయింది. సరుకు వాపసు తీసుకోమని చెప్పి డబ్బు వసూలు చేయాలనుకుని ఒక్కదాన్నే లాల్‌గడి మలక్‌పేట్ పోయాను. దారంతా మాటలు కూర్చుకుంటూ పోయాను. ఆయన వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచాడు.

“వచ్చినవా బేటీ! నీ ఫోనుకు ఏమైంది? నేను చేసి చేసి పరేషానైన.”

“ఎందుకు జేసినవ్? ఇంకా కావాల్నా? కాలిపోయిన డబ్బా అమ్మి...”

“కాలిందా?” ఆయన చేతిలోని కాయలు పళ్లెంలో పడ్డాయి. “డైరెక్ట్ పెట్టినవా? యా అల్లా.”

లోపలికి పోయి, రెండు చేతులతో కష్టంగా మోసుకుంటూ ఒక చిన్న ఇనుప డబ్బా తెచ్చాడు. ఒక వైపు మన ప్లగ్గు. ఇంకో వైపు రెండు చదునైన సందులు. నేను కోయించిన ప్లగ్గు సరిగ్గా అందులో పడుతుంది.

“గది బయటి దేశపు పెట్టె బేటీ. వాళ్ల కరెంటు మన దాంట్ల సగమే ఉంటది. గీ డబ్బా మన కరెంటును సగం జేసి ఇస్తది. ఇది లేకుండ పెడితే కాలుతది. గా దినం దీనికోసమే లోపటికి పొయిన. మంచం కింద ఎన్కకు వడి జల్దీ దొరకలే. నువ్వు తిరిగి సూడనన్న సూడలే.”

మూడు పూటలకు సరిపడా తిట్లు కూర్చుకుని పోయినదాన్ని, ఆ రెండు సందులను వేలితో తడిమాను. బల్బు ఎందుకు వెలిగిందో, పెట్టె బల్బుతో ఎందుకు బతికిందో, దూలపల్లి మనిషి చుట్లు తక్కువని ఎందుకు ఆగాడో అన్నీ ఒక్కసారే తెలిశాయి. నా నోటి నుంచి వచ్చిన మాట, అలవాటుగా, “ఎంతియ్యాలె చాచా?”

ఆయన వింతగా చూశాడు. “గది దాంతోటిదే గద బేటీ. దానికి మల్ల ధరేంది?” డబ్బాను సంచిలో పెట్టి ఇచ్చాడు. “భాయ్ మంచిగ వాయిస్తుండా?” అని అడిగాడు.

ఆటోవాడు తొందరపెడుతున్నాడన్నాను. ఆటోవాడే లేడు, బస్సులో వచ్చాను.

మెకానిక్ డబ్బాను చూడగానే అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. “బల్బు సగం మింగింది సెల్లె, మిగిలిన సగంతోని అది బతికింది. గింత ముచ్చట నాకు ఎలగలే. నలభై ఏండ్ల సంది ఇదే పని జేస్తున్న.” నేను కోయించి పారేసిన ప్లగ్గు సంగతి చెప్పాను. అది చూసి ఉంటే మొదటి రోజే తెలిసేదన్నాడు. తర్వాత ఆ మాట అన్నందుకు బాధపడ్డాడు. ఆ నెల రోజుల్లో మార్చిన భాగాలన్నీ అవసరం లేకుండా మార్చినవే కాబట్టి తన కూలి వద్దన్నాడు. జీవితంలో మొదటిసారి, అడిగిన దానికంటే ఎక్కువ ఇవ్వడానికి బేరం చేశాను. అది నాకు రాలేదు. ఆయనే గెలిచాడు.

పెట్టె ఇంటికి వచ్చింది. చలి మొదలైంది అప్పటికి. మెకానిక్ తనే వచ్చి, వైరుకు మళ్లీ చదును ప్లగ్గు వేసి ఇనుప డబ్బాకు పెట్టి, ఒకసారి ఆన్ చేసి చూసి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. వాల్వులు మా ఆయన ఎప్పుడూ చెప్పినట్టే ఎర్రగా, నిప్పు కణాల్లా ఉన్నాయి. గిటారును ఆయన ఒళ్లో నేను పెట్టాను. తీగలు సరిచేసే మరలు కూడా నేనే తిప్పాను. ఆయన “జర పైకి, ఇంకొంచెం, సాలు,” అంటూ ఉంటే.

ఎడమచేతి వేళ్లు తీగల మీద పెట్టుకున్నాడు. అవి తీగల మీద పడుకున్నాయి తప్ప తీగను నొక్కలేకపోయాయి. మీటితే బుస్సుమని చచ్చిన చప్పుడు వచ్చింది. పెట్టె దాన్ని కూడా దాచకుండా పెద్దగా చేసి చెప్పింది. ఇంకోసారి. ఇంకోసారి.

“నేను ఒత్తుత. నువ్వు మీటు,” అన్నాను.

“ఏడ ఒత్తాల్నో తెలుసా?”

“జూపియ్.”

చూపుతో చూపించాడు. ఒత్తాను. తీగ నా వేలి చివరను కోసింది. “గిన్నెను తడుతున్నవా? గట్టిగ ఒత్తే,” అన్నాడు. గట్టిగా ఒత్తాను. ఆయన బొటనవేలితో మీటాడు. సగం బుస్సు, సగం స్వరం. మళ్లీ. మళ్లీ. నాలుగోసారో ఐదోసారో ఒకటి సరిగా పలికిందేమో, పలకలేదేమో. ఆయన కళ్లు మూసుకున్నాడు.

“సాలు,” అన్నాడు. “ఇడిసిపెట్టు.”

గిటారు తీసి గోడకు ఆనించాను. మొదటి రోజు మీటినప్పుడు పేలిపోయిన ఆ ఒక్క స్వరం గురించి అడగాలనుకున్నాను. అది పూర్తిగా విచ్చుకుని ఉంటే ఎలా ఉండేదని. మెకానిక్ పిలిచినప్పుడు తీసుకుపోయి ఉంటే అని చెప్పేద్దామనుకున్నాను. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఇప్పటికీ చెప్పలేదు. ఎప్పుడు చెప్పినా దానికి ఆయన ఏదో ఒక హాస్యం ఆడతాడు. అది వినే ధైర్యం నాకు లేదు.

పెట్టె ఆపబోతే, “ఉండనియ్,” అన్నాడు. మోచేతులతో కుర్చీని ముందుకు జరుపుకుని, రెండు అరచేతులూ దాని మీద పెట్టాడు. లోపలి వాల్వుల వేడికి పైన చెక్క గోరువెచ్చగా ఉంటుంది. ఈ జబ్బులో చేతులు మంచుగడ్డల్లా ఉంటాయి. గ్లౌజులు, వేడి నీళ్ల సంచి, ఏవీ ఆయనకు పడలేదు.

“వెచ్చగున్నదే,” అన్నాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం నాలుగింటికి దుకాణం నుంచి వచ్చి ముందు ఆ పని చేస్తాను. ఇనుప డబ్బా గోడకు, పెట్టె డబ్బాకు, స్విచ్చి. గిటారు వైరు పెట్టను. ఎర్రబడేదాకా ఆగి, ఆయన చేతులు ఒక్కొక్కటిగా ఎత్తి దాని మీద పెడతాను. పెట్టె సన్నగా గుర్రుమంటూ ఉంటుంది. ఆయన దాన్ని వింటూ ఉంటాడు. నేను పక్కన కూర్చుంటాను.

“కరెంటు బిల్లు ఎంతొస్తాందే?” అని నిన్న అడిగాడు.

ఎంతొచ్చిందో చెప్పాను. తగ్గించి చెప్పలేదు.

“మస్తు పిరం,” అన్నాడు. చేతులు మాత్రం తీయమనలేదు.